ముప్పై ఒక్క పొట్లాలు

కుక్క పేరు హారన్. ఆరేళ్లది. పెంచుకుంటున్నాయన ముప్పై రెండేళ్లు బస్సు నడిపి రిటైరైన డ్రైవర్. నాలుగేళ్లుగా ఆయనకు కుడికన్ను కనపడదు, ఎడమకంటికి మనుషులు నీడల్లా తెలుస్తారు. అయినా రోజూ పొద్దున్న ఏడింటికి మూడు వీధుల అవతల ఉన్న టీ కొట్టుకు నడిచి వెళ్లి వస్తాడు. హారన్‌కు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. మెట్టు వస్తే ఆగుతుంది, బండి వస్తే మొరుగుతుంది. ఆయనకు అంతే చాలు.

నెల కిందట హారన్ గోక్కోవడం మొదలుపెట్టింది. ముందు చెవుల అంచులు, తర్వాత మోచేతులు, తర్వాత పొట్ట. ఆ చోట్ల వెంట్రుకలు రాలి చెక్కులు కట్టాయి. టీ కొట్టుకు వెళ్లే దారిలో పది అడుగులకోసారి ఆగి వెనక కాలితో చెవి గోక్కునేది. అది మెట్టు కోసం ఆగిందో దురదకు ఆగిందో డ్రైవర్‌కు తెలిసేది కాదు. రెండుసార్లు తూలి పడబోయాడు. ఆ తర్వాత వారం రోజులు ఇల్లు కదల్లేదు.

కొడుకు కాపురం పై అంతస్తులో. అతను లిఫ్టు మెకానిక్. రెండేళ్ల కూతురుంది. ఈ వారం పాప పొట్ట మీద ఎర్రటి మచ్చలు లేచాక అతను తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట చెప్పేశాడు. ఈ రోగమేంటో తేలితే కుక్క ఇంట్లో ఉంటుంది. తేలకపోతే సోమవారం పదింటికి కుక్కల ఆశ్రమం బండి వస్తుంది.

శనివారం పొద్దున్న పదిన్నరకు నలుగురూ జంతువుల క్లినిక్‌లో ఉన్నారు. డ్రైవర్, ఆయన భార్య, కొడుకు, హారన్. మూడు వారాల్లో ఇది మూడోసారి రావడం.

డ్రైవర్ భార్య నర్సుగా ముప్పై నాలుగేళ్లు చేసింది. రిటైరై ఎనిమిదేళ్లయినా వీధిలో అందరికీ ఆమె సిస్టరే. మొగుడు కూడా అలాగే పిలుస్తాడు, కాకపోతే చివర ఒక ‘గారు’ తగిలిస్తాడు.

డాక్టర్ బ్లేడుకు నూనె రాసి హారన్ చెవి అంచున, మోచేతి దగ్గర, పొట్ట మీద గీకింది. చర్మం మీద రక్తం చుక్క కనపడేదాకా గీకాలి. దురద పుట్టించే పురుగు లోపల ఉంటుంది కాబట్టి పైపైన గీకితే రాదు. గీకిన పొట్టును గాజు పలకల మీద పరిచి అద్దాల తలుపు వెనక ఉన్న ల్యాబ్ అక్కకు ఇచ్చింది. తర్వాత తను ఊదారంగు దీపం కింద వెంట్రుకలను చూసింది. తామర అయితే కొన్ని రకాల్లో పచ్చగా మెరుస్తుంది. మెరవలేదు. చర్మానికి టేపు అంటించి తీసింది. చెవి అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దింది. హారన్ వెనక కాలు దానంతట అదే గాలిలో గోకడం మొదలుపెట్టింది.

మొదటిరోజు కూడా ఆ కాలు అలాగే ఆడింది. అది గజ్జికి ఒక గుర్తు. డాక్టర్ ఆ రోజు రికార్డులో ‘గజ్జి?’ అని రాసుకుంది. “ఇంట్లో ఎవరికైనా దురద ఉందా?” అని అడిగితే సిస్టర్ లేదంది. స్లైడుల్లో ఏమీ దొరకలేదు. దాంతో డాక్టర్ అలర్జీ అనుకుని పది రోజులకు మాత్రలిచ్చింది. నాలుగు రోజులు తగ్గి, తర్వాత రెట్టింపైంది. రెండోసారి వచ్చినప్పుడు తిండి మార్పించింది. ఫలితం లేదు.

ఇరవై నిమిషాలకు ల్యాబ్ అక్క తలుపు తీసింది.

“ఏమీ లేదు మేడం.”

“ఆరింటిలోనూ?”

“ఆరింటిలోనూ.”

డాక్టర్ చేతి తొడుగులు తీసింది. “అయినా నాకు గజ్జి మీదే అనుమానం. ఆ పురుగు సగం కుక్కల్లో స్లైడుకు దొరకదు. అనుమానం మీదైనా మందు మొదలుపెట్టేద్దాం.”

కొడుకు గోడకు ఆనుకుని ఉన్నాడు. “మూడు వారాల క్రితం అలర్జీ అన్నారు మేడం. తర్వాత తిండి అన్నారు. ఇప్పుడు గజ్జి అంటున్నారు. మీమీద కోపం కాదు. కానీ నా పనిలో నేను ఊహ మీద పార్టు మార్చను. లిఫ్టులో ఎక్కేది మనుషులు. ఇంట్లో ఉన్నది రెండేళ్ల పిల్ల.”

“నువ్వు మారుస్తావురా,” అన్నాడు డ్రైవర్. “మన ఇంటి ఫ్యానుకి మూడు కెపాసిటర్లు మార్చావు. చివరికి స్విచ్చు పోయిందన్నావు.”

“నాన్నా, ఇప్పుడు ఫ్యాను ఊసు ఎందుకు?”

“ఊసు కాదురా. గుర్తొచ్చింది.”

ల్యాబ్ అక్క ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. “మేడం, ఒక మాట. నిన్న ఒక పిల్లి వచ్చింది చూడండి, ఏసీ గది దాటి బయటికి రానిది. దాని మీద కూడా పుప్పొడి దొరికింది, సోఫా దారం దొరికింది. ఇది రోజూ రోడ్డు మీద తిరిగే కుక్క. మూడుసార్లు చూశాను. పురుగు సంగతి పక్కన పెట్టండి, దుమ్ము కూడా లేదు. దీనికంటే నా స్లైడు డబ్బాయే మురికిగా ఉంది.”

డాక్టర్ ఒక్క క్షణం ఆమె వంక చూసింది. తర్వాత వంగి హారన్ మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

“సిస్టర్, ఇవాళ పొద్దున్న దీనికి ఏం చేశారు?”

సిస్టర్ నిటారుగా కూర్చుంది. డ్యూటీ మారేటప్పుడు అప్పగింతలు చెప్పే గొంతుతో మొదలుపెట్టింది. “ఐదున్నరకి గోరువెచ్చని నీళ్లతో స్నానం. యాంటిసెప్టిక్ రెండు మూతలు. చెక్కులున్న చోట నూనె రాసి పావుగంట నాననిచ్చి, మెత్తబడ్డాక సన్నదువ్వెనతో తీసేశాను. చెవులు దూదితో శుభ్రం చేశాను. అంచులు స్పిరిట్‌తో తుడిచాను. ఆరున్నరకి పొడి తువ్వాలు.”

“రోజూ ఇంతేనా?”

“చెక్కు కట్టిన ప్రతిరోజూ ఇంతే. మీ దగ్గరికి తెచ్చే రోజు మాత్రం రెండుసార్లు.”

“నా పెళ్లిరోజున కూడా నన్నెవరూ ఇంతగా తోమలేదు డాక్టరమ్మా,” అన్నాడు డ్రైవర్.

“మీరు ఊరుకోండి. పేషెంటుని మురికితో డాక్టరు ముందుకు తీసుకొస్తే మాట పడేది ఎవరు? తొమ్మిదికి రౌండ్స్ అంటే ఎనిమిదిన్నరకి పుండు కడిగి, పక్క మార్చి, గోళ్లు కత్తిరించి ఉండాలి. ముప్పై నాలుగేళ్లలో నేనొక్క మాట పడలేదు.”

డాక్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది.

“గజ్జి పురుగు ఉండేది ఆ చెక్కుల్లోనే, సిస్టర్. చర్మంలో దారి తవ్వుకుని గుడ్లు పెడుతుంది. పైన చెక్కు కడుతుంది. మాకు దొరికితే అక్కడే దొరకాలి. మీరు ఆ చెక్కు తీసేసి, స్పిరిట్ పెట్టి తుడిచి, ఖాళీ ఇల్లు చూపించారు నాకు. నేనూ ఈ వాసన మొదటిరోజే పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు.”

సిస్టర్ తల దించుకుంది. హారన్ వీపు మీద ఉన్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. కొడుకు నేల వైపు చూశాడు.

“ఏమైంది?” అన్నాడు డ్రైవర్. “ఎవరూ మాట్లాడరేం?”

“ఏం లేదు,” అంది సిస్టర్. “తప్పు నాది. అదే చెబుతున్నారు.”

“తప్పని ఎవరన్నారు?” అంది డాక్టర్. “మూడు రోజులు నీళ్లు తగలకుండా ఉంచి తీసుకురండి. మళ్లీ గీకుతాను.”

“మూడు రోజులంటే మంగళవారం,” అన్నాడు కొడుకు. “బండి సోమవారం వస్తుంది.”

గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. శనివారం క్లినిక్ ఒంటిగంట వరకే. డాక్టర్ రికార్డు దగ్గరికి లాక్కుని, తల ఎత్తకుండానే అంది. “ఇన్నాళ్లు తీసిన చెక్కులన్నీ మోరీలో పోయుంటాయి. ఒక్కటున్నా సరిపోయేది.”

“మోరీలో ఎందుకు పోతాయి?” అంది సిస్టర్. “దాచాను.”

డాక్టర్ కలం ఆగింది.

“డాక్టరు చూడకుండా ఏదీ పారెయ్యకూడదు కదండీ. వాంతి అయినా సరే, కిడ్నీ ట్రేలో మూత పెట్టి రౌండ్స్ దాకా ఉంచాల్సిందే. తీసిన చెక్కు ఎక్కడికక్కడ పొట్లం కట్టాను.”

“మరి ఇక్కడికి ఎందుకు తేలేదు?”

“మొదటిరోజే తెచ్చాను.” సిస్టర్ వేలు చూపించింది. కౌంటరు పైన అట్టముక్క మీద నల్ల అక్షరాలు. ‘అడగకుండా ఇంటి నుంచి తెచ్చిన నమూనాలు తీసుకోబడవు.’ “నియమం ఉన్నాక ఇంకేం అంటాం? మళ్లీ పట్టుకెళ్లి ఇంట్లో పెట్టాను. అడిగితే తేవచ్చని.”

అందరూ ల్యాబ్ అక్క వైపు చూశారు. ఆ అట్ట రాసింది ఆమె. నాలుగేళ్ల క్రితం ఒకాయన తన పిల్లి మలం టిఫిన్ డబ్బాలో తెచ్చి, ఆమె తిండి డబ్బా పక్కన పెట్టి వెళ్లాడు. రెండు డబ్బాలూ స్టీలువే. ఆ సాయంత్రమే అట్ట వేలాడింది.

“నన్ను చూడకండి,” అంది ల్యాబ్ అక్క. “ఆ మూత తీసింది నేను. మీరు కాదు.”

కొడుకు స్కూటరు తాళం తీశాడు. “ఎక్కడుందమ్మా?”

“వాషింగ్ మెషిన్ మీద నీలం బిస్కెట్ డబ్బా. మూత గట్టిగా ఉంటుంది. అక్కడ తియ్యకు, అలాగే పట్టుకురా. ఎండలో పెట్టకు.”

“ఆ డబ్బానా? దాంట్లో బిస్కెట్లున్నాయనుకుని మొన్న పాప ఏడ్చింది.”

“అందుకే మెషిన్ మీద పెట్టాను.”

అతను ఇరవై ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చాడు. ల్యాబ్ అక్క బల్ల మీద తెల్ల కాగితం పరిచి, చెంచా మొనతో మూత లేపింది. లోపల పొట్లాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. మందుల షాపులో పొడి కట్టిచ్చే మడత. ఒక్కొక్కదాని మీద మూడు వరసలు: తేదీ, సమయం, చోటు. లెక్కపెడితే ముప్పై ఒకటి.

ఆమె పైకి చదువుతూ చోటును బట్టి కుప్పలు పెట్టింది. “కుడి చెవి అంచు. కుడి చెవి అంచు. ఎడమ మోచెయ్యి. పొట్ట, బొడ్డుకి రెండంగుళాల కింద. ఎడమ చెవి. ఇదేంటి? ‘ఎడమ మణికట్టు, లోపలి వైపు. వయసు అరవై ఆరు. స్త్రీ.’” ఆమె ఆగింది. “హారన్ మగ కుక్క కదా పిన్నిగారూ?”

ముందు నవ్వింది డ్రైవర్. “అరవై ఆరంటే హారన్ నాకంటే నాలుగేళ్లే చిన్న. టీ కొట్టులో చెప్పాలి.” తర్వాత నవ్వు ఆగింది. “సిస్టరు గారూ, మీదా ఆ పొట్లం?”

సిస్టర్ చేతి గడియారం పట్టీ జరిపింది. పట్టీ కింద గింజల్లా ఎర్రటి పొక్కులు, గోటి గీతలు. మోచేతి మడతలో కూడా ఉన్నాయి.

“ఎన్నాళ్లుగా?” అంది డాక్టర్.

“మూడు వారాల పైనే.”

“మొదటిరోజే అడిగాను కదమ్మా, ఇంట్లో ఎవరికైనా దురద ఉందా అని.”

“గిన్నెల సబ్బు పడలేదనుకున్నాను.” సిస్టర్ పట్టీని మళ్లీ సర్దుకుంది. “అనుకోలేదు. తెలుసు. చెప్పలేదు. ట్రైనింగ్ రెండో ఏడు వార్డులో ఒక పేషెంటు నుంచి ఎనిమిదిమంది ఆడపిల్లలకి గజ్జి అంటింది. వార్డెన్ మా పేర్లు భోజనాల గది బోర్డు మీద రాసింది. నెల రోజులుంచింది. మా బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. నలభై ఏడేళ్లయింది. ఆ బోర్డు ఇంకా కళ్లకి కట్టినట్టుంది.”

“పాపకి వచ్చినప్పుడైనా చెప్పాల్సింది కదమ్మా,” అన్నాడు కొడుకు. గొంతులో కోపం లేదు.

“చెప్పాల్సింది. నోరు రాలేదు. నోరు రాక పొట్లం కట్టి పెట్టాను.”

డాక్టర్ ల్యాబ్ అక్కకు తల ఊపింది. ల్యాబ్ అక్క చెవి అంచుల పొట్లాలు విప్పి చెక్కులను గాజు గొట్టాల్లో వేసి, పొటాష్ ద్రావణం పోసి, వేడినీళ్లలో నిలబెట్టింది. చెక్కు కరుగుతుంది, పురుగు కరగదు. చచ్చినదైనా ఆకారం మిగులుతుంది. అరగంట పట్టింది. అడుగున దిగినదాన్ని చుక్క చుక్కగా పలకల మీద వేసి మైక్రోస్కోపులో చూడటం మొదలుపెట్టింది. బయట వాచ్‌మన్ షట్టరు సగం దించాడు. డాక్టర్ వెళ్లి, కాసేపు ఆగమని చెప్పి వచ్చింది.

మొదటి పలకలో లేదు. రెండు, మూడు, నాలుగింటిలో లేదు. హారన్ బల్ల కింద పడుకుని చెవి గోక్కుంది. డ్రైవర్ కాలి వేళ్లతో దాని వీపు తడిమి చూసుకున్నాడు. పదో పలకను పక్కన పెట్టి ల్యాబ్ అక్క కళ్లద్దాలు తుడుచుకుంది.

పదకొండో పలక దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

“మేడం.”

డాక్టర్ వంగి చూసింది. చాలాసేపు చూసింది. లేచి కుర్చీ వెనక్కి జరిపింది. “సిస్టర్, మీరు రండి.”

“నేనెందుకు?”

“మీరు దాచిన నమూనా కదా.”

సిస్టర్ కళ్లద్దాలు తీసి కన్ను ఆనించింది. కనపడలేదు. ల్యాబ్ అక్క ఆమె వేళ్లు పట్టుకుని మైక్రోస్కోపు మర మీద పెట్టింది. మెల్లగా తిప్పింది. గుండ్రని శరీరం. ముందు వైపు నాలుగు పొట్టి కాళ్లు. వెనక కాళ్లు ఒంటి అంచు దాటి రాలేదు. పక్కన కోలగా మూడు గుడ్లు.

“ఎలా ఉంది?” అన్నాడు డ్రైవర్.

“గుండ్రంగా ఉంది. కాళ్లు పొట్టి. పొట్టే ఎక్కువ.”

“నాలాగేనన్నమాట.”

ఆమె కన్ను తియ్యలేదు. “ముప్పై నాలుగేళ్లు నమూనాలు మోశాను మేడం. కఫం, రక్తం, మలం, అన్నీ. ల్యాబ్ కిటికీలో ఇచ్చి వచ్చేసేదాన్ని. లోపలికొచ్చి చూడమని ఎవరూ అనలేదు.” తర్వాత మెల్లగా అంది. “ఇదా నువ్వు!”

డాక్టర్ రికార్డు తెరిచి తన పాత రాతల కింద గీత గీసింది. రాస్తూ పైకి చదివింది. “గజ్జి. పురుగు ఒకటి, గుడ్లు మూడు కనపడ్డాయి. మొదట అలర్జీ అనుకోవడం నా పొరపాటు. ఇచ్చిన మాత్రలు దురదను అణిచి పురుగుకు మేలు చేశాయి.” కలం మూత పెట్టింది. “ఆ పది రోజులకి క్షమించాలి మీరు. ఈ డబ్బా లేకపోతే మంగళవారం కూడా నా దగ్గర అనుమానమే ఉండేది. మీకు చాలా రుణపడ్డాను సిస్టర్.”

“అయ్యో, అదేం మాట! రికార్డులో మీ పొరపాటని మీరే రాసుకోవడం మా వార్డుల్లో చూడలేదు నేను. ఆ కాగితం నకలు ఒకటి ఇప్పించండి.”

కొడుకు ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. ఫోను తీసి ఆశ్రమం వాళ్లకు చేశాడు. “సోమవారం రావద్దండి. లేదు, ఇంకెప్పుడూ వద్దు. పార్టు దొరికింది.” అవతల ఏదో అడిగారు. “అది పెద్ద కథ. ఉంటానండి.” ఫోను జేబులో పెట్టుకుని తల్లి పక్కన నిలబడ్డాడు. “మధ్యాహ్నం నిన్నూ పాపనూ మనుషుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. బోర్డు మీద ఎవరూ రాయరులే.”

డాక్టర్ హారన్ మెడ వెనక వెంట్రుకలు విడదీసి చుక్కల మందు వేసింది. రెండు వారాలకోసారి, మూడు సార్లు వెయ్యాలి. పక్కబట్టలు మరిగిన నీళ్లలో ఉతకాలి. కుక్క పురుగు మనిషి మీద ఎక్కువ రోజులు బతకదని, కుక్కకు తగ్గితే మనుషుల దురద కూడా తగ్గుతుందని చెప్పింది. ఆఖరి మాట సిస్టర్ కళ్లలోకి చూసి చెప్పింది. “ఇవాళ్టికి తప్పలేదు. ఇకనుంచి మందు వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు, స్నానం లేదు.”

“నాలుగు రోజులా?”

“నాలుగు.”

“తుడవొచ్చా?”

“తుడవకూడదు.”

“నేను కాపలా ఉంటాను డాక్టరమ్మా,” అన్నాడు డ్రైవర్. “కళ్లు లేకపోయినా స్పిరిట్ వాసన తెలుస్తుంది నాకు.”

ఎనిమిది వారాల తర్వాత ఒక బుధవారం ముగ్గురూ వచ్చారు, కొడుకు లేకుండా. బస్టాపు నుంచి క్లినిక్ వరకు డ్రైవర్‌ను హారన్ నడిపించుకొచ్చింది. దారిలో రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ మెట్టు దగ్గరే. చెవుల అంచున కొత్త వెంట్రుకలు వచ్చాయి. సిస్టర్ గడియారం పట్టీ కింద చర్మం మామూలుగా ఉంది. హారన్‌కు స్నానం చేయించి ఐదు రోజులైందని ఆమె అడగకుండానే చెప్పింది. చెప్పేటప్పుడు గోడ వైపు చూసింది.

ల్యాబ్ అక్క పలక చూస్తూ పైకి చదివింది. “దుమ్ము ఉంది. పుప్పొడి రెండు రకాలు. బూజు కణాలు మూడు, అవి అందరికీ ఉండేవే. గడ్డి ముక్క ఒకటి. ఇది బిస్కెట్ పొడి అనుకుంటా.” తలెత్తింది. “పురుగు లేదు. గుడ్డూ లేదు. మంచి మురికి కుక్క మేడం.”

“టీ కొట్టు బిస్కెట్,” అన్నాడు డ్రైవర్. “సగం నాది, సగం దానిది.”

సిస్టర్ సంచిలోంచి అట్టపెట్టె తీసి ల్యాబ్ అక్క బల్ల మీద పెట్టింది. లోపల ఖాళీ పొట్లాలు, మడిచి సిద్ధంగా ఉన్నాయి. రెండు వందలు. ఒక్కొక్కదాని మీద స్కేలుతో మూడు గీతలు, గీతల పక్కన తేదీ, సమయం, చోటు.

“సగం నేనే మడిచాను,” అన్నాడు డ్రైవర్. “వంకరగా ఉన్నవన్నీ ఆవిడవి.”

ల్యాబ్ అక్క ఒక పొట్లం తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. థ్యాంక్స్ చెప్పబోయి, ముందు సొరుగులోంచి ఒక అట్టముక్క తీసింది. పాత అట్ట తీసేసి మూడు వారాలైంది. కొత్తది రాసి పెట్టింది కానీ, సిస్టర్ చూడకుండా తగిలించడం ఇష్టంలేక ఆగింది. ఇప్పుడు స్టూలెక్కి అదే మేకుకు వేలాడదీసింది.

‘ఇంట్లో తీసినవి ఏవైనా ఉంటే పారెయ్యకండి. తెచ్చి చూపించండి. టిఫిన్ డబ్బాలో మాత్రం తేవద్దు.’

సిస్టర్ దాన్ని చివరిదాకా చదివి, మొగుడికి కూడా చదివి వినిపించింది. బయటికి వచ్చాక గేటు పక్కన మట్టిలో హారన్ వెల్లకిలా పడి ఇటు దొర్లి అటు దొర్లింది. సిస్టర్ చెయ్యి సంచిలోకి వెళ్లింది.

“దూదేనా?” అన్నాడు డ్రైవర్.

“గొడుగు,” అంది సిస్టర్. ఎండకు గొడుగు తీసి విప్పి, కుక్క లేచేదాకా ఇద్దరికీ పట్టుకుని నిలబడింది.